జనవరిలో సొంత కార్లలో మనాలి: ఇనుప చైన్లా, గుడ్డ తొడుగులా?

మహబూబ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. సంక్రాంతి సెలవుల్లో రెండు కుటుంబాలు కలిసి ఒక నెక్సాన్, ఒక పాత డీజిల్ స్కార్పియోలో మనాలి వెళ్తున్నారు. వీలైతే అటల్ టన్నెల్ దాటి, అవతల లాహౌల్ లోయలో ఉన్న సిస్సు అనే ఊరి దాకా పోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో టైర్లకు వేసే ఇనుప చైన్లు, గుడ్డ తొడుగులు, ప్లాస్టిక్ పట్టీలు కనిపిస్తున్నాయి, వీటిలో ఏది కొనాలి, అసలు అవసరమేనా అన్నది ఆయన సందేహం. నేను సైన్యంలో డ్రైవర్‌గా చేశాను. కశ్మీర్, లడఖ్ వైపు చలికాలంలో లారీలు నడిపాను. ఇప్పుడు నల్గొండలో టైర్ల షాపు నడుపుకుంటున్నాను. కాబట్టి ఈ ప్రశ్నకు రెండు వైపుల నుంచీ జవాబు చెప్పగలను.

ముందు సూటిగా చెప్తాను. ఇనుప చైన్లు కొనండి. రెండు బండ్లకూ వేరువేరు జతలు కావాలి, ఒకదానివి ఇంకోదానికి పట్టవు. నెక్సాన్‌తో కంపెనీ ఇచ్చిన పుస్తకం, అదే మాన్యువల్, చైన్లు వద్దంటేనే గుడ్డ తొడుగుల గురించి ఆలోచించండి. ప్లాస్టిక్ పట్టీల జోలికి పోవద్దు. ఇవన్నీ డిక్కీలో ఉన్నా సరే, మంచు పడుతున్న రోజు మాత్రం మీరు స్టీరింగ్ పట్టుకోవద్దు. మనాలిలో మీ బండి పెట్టేసి, అక్కడి డ్రైవర్‌ను, అక్కడి ఫోర్ బై ఫోర్ బండిని, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ లాగుడు అందే బండిని మాట్లాడుకోండి. చైన్లు కొనమంటూనే బండి తీయొద్దంటున్నాడేమిటి అనుకోకండి. పొద్దున ఎండ చూసి పైకి పోయాక మధ్యాహ్నం మబ్బు పట్టి మంచు మొదలైతే, పిల్లలతో కిందికి దిగి రావడానికి ఆ చైన్లు కావాలి. పైకి ఎక్కడానికి వాటిని నమ్ముకుంటే ఇంకా లోపలికి పోయి ఇరుక్కుంటారు.

చైన్ ఏం చేస్తుందో మన ప్రాంతం వాళ్ళకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. మిర్యాలగూడ వైపు దమ్ము చేసే ట్రాక్టర్ల కేజ్ వీల్స్ చూసే ఉంటారు. బురదలో ఆ ఇనుప పట్టీలు దిగబడి పట్టు దొరుకుతుంది, అవే తారు రోడ్డెక్కితే రోడ్డూ పాడు, చక్రమూ పాడు. చైన్ కూడా అంతే. గట్టిపడిన మంచులోకి, ఐసులోకి లింకు దిగి కొరుకుతుంది. మంచు లేని రోడ్డు మీద నడిపితే లింకులు అరిగి తెగుతాయి, తెగిన ముక్క చక్రంతో పాటు తిరిగి బ్రేకు పైపునో మడ్‌గార్డునో కొట్టేస్తుంది. అందుకే మంచు మొదలయ్యే చోట వేయాలి, అయిపోయిన చోట తీసేయాలి. మనాలి నుంచి ఎక్కుతుంటే రోడ్డు కొంత దూరం పొడిగా, కొంత దూరం తెల్లగా, మళ్ళీ పొడిగా ఉంటుంది. ఒక్కో మలుపుకూ వేసి తీయడం కుదరదు. అలాంటి రోడ్డు మీద చైన్లతోనే ఇరవై కిలోమీటర్ల వేగంతో మెల్లగా పోవాలి. మంచు మీదైనా గంటకు 40 దాటొద్దు. కంపెనీలు సాధారణంగా 50 అని రాస్తాయి కానీ, ఘాట్ రోడ్డులో 50 వేగం మన సైజు చైన్లకు ఎక్కువే.

అసలు మంచు మీద టైరుకు పట్టు ఎంత తగ్గుతుందో ఒక లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే పొడి తారు మీద బండి సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. గట్టిపడిన మంచు మీద 30 మీటర్లు పడుతుంది. ఐసు మీదైతే 60 మీటర్లు దాటుతుంది. ఇది బ్రేకు పట్టిన తర్వాతి దూరమే, మీరు చూసి కాలు వేసేలోపు పోయేది అదనం. పైగా మన దగ్గర అమ్మే టైర్ల రబ్బరు మన ఎండలకు తగ్గట్టు చేసింది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి పడిపోతే అది గట్టిపడి, మంచు లేని రోడ్డు మీద కూడా పట్టు తగ్గుతుంది. పక్కన కొండ బొమ్మ, అందులో మంచు పువ్వు గుర్తు ఉన్న టైర్లే నిజమైన చలికాలపు టైర్లు. ఎం ప్లస్ ఎస్ అని రాసి ఉన్నంత మాత్రాన అది వింటర్ టైరు కాదు. ఒక్క వారం ప్రయాణానికి టైర్లు మార్చమని నేను చెప్పను. కానీ అరిగిన టైర్లతో మాత్రం వెళ్ళొద్దు. షాపులో నాకు రోజూ కనిపించేది ఇదే: లక్షల బండి, పిల్లలందరినీ ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్‌కు బయలుదేరతారు, టైరు చూస్తే గుండు.

ఇప్పుడు కొనడం సంగతి. బండి పేరు చెప్పి చైన్ కొనొద్దు. నెక్సాన్ ఒక వేరియంట్‌లో 195/60 ఆర్16 టైర్లతో, ఇంకో వేరియంట్‌లో 215/60 ఆర్16 టైర్లతో వస్తుంది. రెండింటికీ రిమ్ము 16 అంగుళాలే, టైరు కొలతలు వేరు. ‘ఎస్‌యూవీలన్నిటికీ సరిపోతుంది’ అని పెట్టె మీద రాసి ఉన్న చైన్ దేనికీ సరిగ్గా కూర్చోదు. టైరు పక్కన రాసిన మూడు అంకెలూ చూసి, ఆ సైజు పేరు పెట్టె మీద ఉన్నదే తీసుకోండి. పాత స్కార్పియోకు ఇంతకు ముందు ఎవరైనా టైరు సైజు మార్చి ఉంటే కంపెనీ బుక్కులో ఉన్న సైజు పనికిరాదు, కళ్ళతో చూసి రాసుకోండి.

తర్వాతి పని, ఎవరూ చేయనిది, ఖాళీ చూడటం. ముందు చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టైరు లోపలి వైపు చెయ్యి పెట్టండి. షాక్ అబ్జార్బర్‌కూ టైరుకూ మధ్య ఎంత సందు ఉంది? బ్రేకు హోసు ఎక్కడుంది? చైన్ లింకు మందం 9 మిల్లీమీటర్లు, 12, 16 ఇలా రకాలుంటాయి, తక్కువ సందు ఉండే కార్ల కోసం 7 మిల్లీమీటర్లవి కూడా దొరుకుతాయి. చైన్ ఎంత బిగించినా తిరిగేటప్పుడు కొంచెం బయటికి లేస్తుంది, కాబట్టి లింకు మందం కంటే ఖాళీ బాగా ఎక్కువ ఉండాలి. కారుకు చిన్న లింకువే తీసుకోండి. స్కార్పియో వెనక చక్రం దగ్గర చోటు బోలెడు, అక్కడ మందం లింకు పడుతుంది. మాన్యువల్‌లో చైన్ల గురించి ఒక పేరా తప్పకుండా వెతకండి. కొన్ని కార్లకు ఫలానా సైజు టైర్ల మీదే వేయాలని, కొన్నిటికి అసలు వేయొద్దని రాసి ఉంటుంది.

ఏ చక్రాలకు వేయాలన్నది మీ రెండు బండ్లకూ వేరు. నెక్సాన్‌ను ముందు చక్రాలు లాగుతాయి, చైన్లు ముందువాటికే. స్కార్పియోను వెనక చక్రాలు తోస్తాయి, వెనకవాటికి వేయాలి. మీది ఫోర్ బై ఫోర్ స్కార్పియో అయితే నాలుగింటికీ వేయడం మంచిది, ఒకే జత ఉంటే దేనికి వేయాలో మాన్యువల్ చెప్తుంది. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. నెక్సాన్‌కు ముందు మాత్రమే చైన్లు ఉంటే ముందు భాగం గట్టిగా పట్టుకుంటుంది, వెనక చక్రాలకు ఏ పట్టూ ఉండదు. దిగుడులో, మలుపులో గట్టిగా బ్రేకు తొక్కితే వెనక భాగం పక్కకు కొట్టుకుపోయి బండి గిర్రున తిరుగుతుంది. స్కార్పియోలో దీనికి తలకిందులు. వెనక తోస్తూనే ఉంటుంది, మీరు స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు జారి బండి తిన్నగా లోయ వైపు పోతుంది. చైన్ వేశాం కదా అనే ధైర్యంతో బండి నడిపేవాళ్ళకే ఎక్కువగా ఇలా జరుగుతుంది. దిగేటప్పుడు మొదటి లేదా రెండో గేరు, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, ఇంజిన్‌తోనే బండిని ఆపుకుంటూ రావాలి. శ్రీశైలం ఘాట్‌లో దిగే అలవాటు ఉన్నవాళ్ళకు గేరు సంగతి కొత్త కాదు, కానీ అక్కడ మలుపు దగ్గర చివర్లో బ్రేకు నొక్కే అలవాటు ఉంటుంది చూశారా, దాన్ని మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళ్ళండి.

గుడ్డ తొడుగులను నేను చులకన చేయను. గట్టి నేత గుడ్డతో టైరుకు టోపీలా తొడిగేవి, యూరప్‌లో వాటికి ప్రమాణం కూడా ఉంది, పేరు ఈఎన్ 16662-1. బరువు తక్కువ, మడిచి సీటు కింద పెట్టేయొచ్చు, ఐదు నిమిషాల్లో తొడగొచ్చు, సందు తక్కువున్న కారుకు కూడా పడతాయి. పైసగం తొడిగి, బండిని చక్రం సగం తిరిగేంత ముందుకు జరిపి, మిగతా సగం లాగాలి. కొత్త మంచు మీద బాగా పనిచేస్తాయి. పెద్ద బలహీనత ఒకటి ఉంది. మంచు లేని రోడ్డు మీద, కంకర మీద తొందరగా చిరుగుతాయి. ఇంతకు ముందు చెప్పాను కదా, మనాలి పైన రోడ్డు ఒకచోట తెలుపు, ఒకచోట నలుపు. అదీగాక చెక్‌పోస్టులో పోలీసు అడిగేది చైన్లే. గుడ్డ చూపించి దీనికి ఈఎన్ నంబరుంది సార్ అని వాదించే ఓపిక మీకుంటుందేమో, వినే ఓపిక ఆయనకు ఉండదు.

ప్లాస్టిక్ పట్టీలు, అంటే కేబుల్ టై లాగా టైరు చుట్టూ, రిమ్ము సందుల్లోంచి బిగించేవి. అవి బురదలో ఇరుక్కున్న బండిని రెండు గజాలు లాగడానికి పనికొస్తాయేమో. చలికి పెళుసై తెగుతాయి, ఘాట్‌లో వాటిని నమ్మొద్దు.

ఇక వేయడం నేర్చుకోండి. ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని, మహబూబ్‌నగర్‌లోనే పూర్తి చేసుకోవాలి. ఆదివారం పొద్దున ఇంటి ముందు చైన్‌ను నేల మీద పరిచి, మెలికలు విడదీయండి. కొక్కేల మొనలు టైరు వైపు కాకుండా బయటికి ఉండాలి, లేకపోతే టైరు పక్క గోడను గీకి పెడతాయి. టైరు వెనక నుంచి పైకి తెచ్చి ముందు లోపలి కొక్కెం, తర్వాత బయటి కొక్కెం, ఆ తర్వాత బిగించే చైన్ లాగాలి. గాలి తగ్గించొద్దు. ఇద్దరు డ్రైవర్లూ నేర్చుకోవాలి. ఒకసారి వెలుతురులో, ఒకసారి రాత్రి టార్చి పెట్టుకుని, చేతులకు గ్లౌజులతో. అక్కడ వేళ్ళు మొద్దుబారి, వెనక బస్సు హారన్ కొడుతూ, పిల్లలు ఏడుస్తుంటే కాగితం చూసి నేర్చుకోలేరు. ఉన్ని గ్లౌజులు తడిసి పనికిరావు, రబ్బరు పూత ఉన్నవి తీసుకోండి. కింద పరుచుకోవడానికి ఒక యూరియా సంచి, బండి జారితే చక్రం కింద వేయడానికి రెండు గోనె సంచులు, ఒక చిన్న పార పెట్టుకోండి.

అక్కడ వేసేటప్పుడు వెడల్పుగా, సమంగా ఉన్న చోట ఆపాలి, హజార్డ్ లైట్లు వేయాలి. ఎక్కుడులో ఇరుక్కున్నాక వేద్దామంటే అప్పటికి ఆలస్యం, జాకీ కూడా నిలబడదు. వేసి ఓ 50, 100 మీటర్లు నడిపి ఆగి, వదులైన చైన్‌ను మళ్ళీ బిగించండి. టక్ టక్ శబ్దం ఒకేలా వస్తుంటే సరే, కొట్టుకుంటున్నట్టు వస్తే వెంటనే ఆగండి. ముందు టైరు పంక్చర్ అయి స్టెప్నీ వేయాల్సి వస్తే, వెనక టైరును ముందుకు తెచ్చి స్టెప్నీని వెనక వేయండి. కారు స్టెప్నీ చాలావాటిలో చిన్న సైజు, దానికి చైన్ పట్టదు.

దారి గురించి. జడ్చర్ల ముందు నుంచి పోయే 44వ నంబర్ హైవే శ్రీనగర్ దాకా అదే నంబరుతో పోతుంది. కాబట్టి మన వాళ్ళలో చాలామంది అదే ఊపులో కశ్మీర్ పోదామనుకుంటారు. ఢిల్లీ దాకా మంచు సమస్య లేదు, పొగమంచు సమస్య ఉంది. ఆగ్రా నుంచి అంబాలా దాకా జనవరిలో తెల్లవారుజామున బండి తీయొద్దు, ఎండ వచ్చాకే బయలుదేరండి. చౌటుప్పల్ దగ్గర డిసెంబరు పొద్దున చూసే పొగమంచు దాని ముందు ఏమీ కాదు. మనాలి దాటాక పల్చాన్, సోలాంగ్ మీదుగా అటల్ టన్నెల్. 2020 అక్టోబరు 3న తెరిచిన 9.02 కిలోమీటర్ల సొరంగం అది, సముద్ర మట్టానికి 3,000 మీటర్లకు పైన. దాని వల్ల చలికాలంలో మూసుకుపోయే రోహ్తంగ్ కనుమ ఎక్కకుండానే లాహౌల్ చేరుతున్నారు. దాంతో ఇంతకు ముందు అక్కడికి పోలేని బండ్లన్నీ ఇప్పుడు పోతున్నాయి. 2024 డిసెంబరులో మంచు పడ్డప్పుడు సోలాంగ్‌కూ టన్నెల్‌కూ మధ్య వందలాది బండ్లు చిక్కుకున్నాయి. మంచు పడ్డాక పోలీసులు ఫోర్ బై ఫోర్‌లను, చైన్లు ఉన్నవాటిని మాత్రమే పైకి వదలడం మామూలు, ఒక్కోసారి ఎవర్నీ వదలరు. కశ్మీర్ వైపు గుల్మార్గ్ పోవాలన్నా తంగ్‌మార్గ్ దగ్గర ఇదే పద్ధతి. అక్కడ చైన్లు అద్దెకు కూడా ఇస్తారు, కానీ మీ టైరు సైజుది దొరుకుతుందన్న హామీ లేదు.

మధ్యాహ్నం రెండు, మూడు గంటలకల్లా తిరుగుముఖం పట్టండి. పగలు ఎండకు కరిగిన నీళ్ళు సాయంత్రం మళ్ళీ గడ్డకట్టి అద్దంలా మారతాయి. వంతెనల మీద, కొండ నీడ పడే మలుపుల్లో ఇది ముందు జరుగుతుంది. చూడ్డానికి తడిసిన తారులాగే ఉంటుంది, తెల్లగా ఏమీ కనపడదు.

ఎక్కడైనా జామ్‌లో చిక్కుకుని మంచు పడుతూ ఉంటే, ఇంజిన్ ఆన్ చేసి హీటర్ పెట్టుకుని నిద్రపోవద్దు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ దగ్గర కార్లలో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోతే పొగ లోపలికి తిరుగుతుంది, అందులోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. కాసేపు ఇంజిన్ వేసి కాసేపు ఆపాలి, వేసే ముందు ప్రతిసారీ గొట్టం దగ్గర మంచు తీయాలి, కిటికీ ఒక వేలు సందు తెరిచి ఉంచాలి. దుప్పట్లు, నీళ్ళు, తినడానికి ఏదో ఒకటి డిక్కీలో కాకుండా చేతికందేలా పెట్టుకోండి.

మీరు అడగలేదు కానీ, చైన్ల కంటే ముందు మన ప్రాంతపు బండ్లను దెబ్బతీసేది రేడియేటర్. మన దగ్గర ఎండాకాలంలో కూలెంట్ తగ్గితే బోరు నీళ్ళు పోసేస్తారు, అలా నాలుగేళ్ళు పోసిన బండిలో కూలెంట్ అన్నది పేరుకే మిగులుతుంది. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, ఆ ఒత్తిడికి రేడియేటరే కాదు ఇంజిన్ బ్లాకు కూడా పగలొచ్చు. సిస్సులో జనవరి రాత్రి సున్నాకు చాలా కిందికి పోతుంది. స్కార్పియోలో ఉన్నదంతా దించేసి, ఎథిలిన్ గ్లైకాల్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించండి. అది మైనస్ 35 దాకా ఆగుతుంది. అద్దం కడిగే నీళ్ళ డబ్బాలో కూడా మామూలు నీళ్ళు వద్దు. బ్యాటరీ మూడేళ్ళు దాటితే ఇక్కడే మార్చేయండి, గట్టి చలికి దాని శక్తి సగం దాకా పడిపోవచ్చు.

డీజిల్ కూడా చూసుకోవాలి. చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌లో అడ్డుపడుతుంది. లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్‌ను 2019లో తెచ్చింది కూడా ఇందుకే. మీరు అంత చలిలోకి పోవడం లేదు, కానీ మైదానంలో నింపిన ట్యాంకుతో కొండ ఎక్కకండి. సగం ఖాళీ అయ్యేలా చూసుకుని పైన బంకులో నింపుకోండి. రాత్రి పార్కింగ్‌లో హ్యాండ్ బ్రేకు లాగి ఉంచితే తడి ఉన్న బ్రేకు గడ్డకట్టి పొద్దున విడవదు. సమంగా ఉన్న చోట ఆపి, గేరులో పెట్టి, చక్రాలకు రాళ్ళు పెట్టండి.

కాలిఫోర్నియాలో ఉన్న మన ఊళ్ళ పిల్లలు టాహో సరస్సుకు పోతూ ఇదే అడుగుతుంటారు, వాళ్ళకు రెండు ముక్కలు. అక్కడ బోర్డు మీద ఆర్2 అని ఉంటే నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న (అక్కడ ఎం ప్లస్ ఎస్ గుర్తున్నవీ చెల్లుతాయి) ఫోర్ వీల్ డ్రైవ్ తప్ప మిగతావన్నీ చైన్లు వేయాలి. ఆ మినహాయింపు ఉన్నవాళ్ళు కూడా చైన్లు వెంట ఉంచుకోవాలి. ఆర్3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. అద్దె కారైతే చైన్లు వేయొచ్చో లేదో ముందే కంపెనీని అడగండి, చాలామంది ఒప్పందంలో అది నిషేధం.

తిరిగి వచ్చాక చైన్లను అలాగే సంచిలో వదిలేయకండి. మంచి నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, కొంచెం ఆయిల్ రాసి పెట్టండి. అరిగిన లింకు ఉంటే ఆ జతను వేరే ఎవరికీ అరువివ్వొద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది నెక్సాన్ టైరు పక్కన రాసిన సైజు, స్కార్పియో వెనక టైరు సైజు, నెక్సాన్ మాన్యువల్‌లో చైన్ల గురించి రాసిన పేరా ఫొటో తీసి పెట్టడం. ముందు చక్రం పూర్తిగా తిప్పి లోపలి సందు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో స్కేలుతో కొలిచి రాయండి. అది చూస్తే ఏ మందం లింకు పడుతుందో, అసలు పడుతుందో లేదో చెప్తాను.